జీతం లేని విద్యార్థికి క్రెడిట్ కార్డు: పూచీ ఎవరిది?

మా అక్క కొడుకు బీటెక్ మూడో ఏడాది చదువుతున్నాడు. ఆమధ్య కూకట్‌పల్లిలో ఒక మాల్‌కి వెళ్తే, ఎస్కలేటర్ పక్కన టేబుల్ వేసుకుని కూర్చున్న కుర్రాడు పిలిచాడట. "సార్, లైఫ్‌టైమ్ ఫ్రీ కార్డు, రెండే నిమిషాలు." మావాడు కూర్చున్నాడు. మొదటి ప్రశ్న: "శాలరీనా, బిజినెస్సా?" వీడు "స్టూడెంట్‌ని" అన్నాడు. టేబుల్ కుర్రాడు ట్యాబ్ మీద వేలు ఆపి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "సెల్ఫ్ ఎంప్లాయిడ్ అని పెట్టేద్దాం సార్. నెలకి ముప్పై వేలు అని రాద్దాం. ఎవరూ అడగరు" అన్నాడు.

వీడు పక్కకొచ్చి నాకు ఫోన్ చేశాడు. "మామయ్యా, పెట్టేయమంటావా?"

వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో ఫోన్లో చెప్పేంత ఓపిక అప్పుడు లేదు. సాయంత్రం ఇంటికొచ్చి ఇంకో ప్రశ్న వేశాడు: "సిబిల్ స్కోరు లేకపోయినా ఇవ్వాల్సిందే అని గవర్నమెంట్ చెప్పిందిగా? మరి నాకెందుకు ఇవ్వరు?" ఆ ప్రశ్నలో రెండు వేర్వేరు విషయాలు ఒకటిగా కలిసిపోయి ఉన్నాయి. వాడొక్కడే కాదు, చాలామంది అలాగే కలిపేస్తున్నారు.

ఆ వార్తలో నిజంగా చెప్పిందేమిటి

2025 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ సహాయ మంత్రి పంకజ్ చౌదరి లోక్‌సభలో ఒక ప్రశ్నకు జవాబిచ్చారు. రుణం ఇవ్వడానికి ఇంత స్కోరు ఉండి తీరాలని రిజర్వ్ బ్యాంకు ఎక్కడా నిర్దేశించలేదని, మొదటిసారి అప్పు అడిగేవాళ్లకి పాత చరిత్ర లేదన్న ఒక్క కారణంతో దరఖాస్తు తోసిపుచ్చకూడదని బ్యాంకులకు చెప్పామని దాని సారాంశం. అది వాట్సాప్‌లో పడి నాలుగు ఫోన్లు తిరిగేసరికి "ఇక సిబిల్ అక్కర్లేదు, అందరికీ లోన్" అయిపోయింది.

మంత్రి అదే జవాబులో బ్యాంకులు తమ పరిశీలన తాము చేసుకోవాలని కూడా చెప్పారు. తిరిగి కట్టగలరా, పాత బాకీల సంగతేమిటి అన్నవి చూస్తూనే ఉంటాయన్నమాట. ఫార్వర్డ్ మెసేజీలో ఈ ముక్క రాలేదు.

స్కోరు లేకపోవడం వేరు. ఆదాయం లేకపోవడం వేరు. మొదటిదాన్ని సాకుగా చూపించొద్దని బ్యాంకుకు చెప్పవచ్చు. రెండోదాన్ని పట్టించుకోవద్దని ఎవరూ చెప్పలేదు, చెప్పరు కూడా.

స్కోరు ఒక పుస్తకం, ఆదాయం ఒక జేబు

ఊళ్లో కిరాణా కొట్టు ఖాతా పుస్తకం గుర్తు చేసుకోండి. శెట్టిగారు అరువు ఇచ్చేముందు రెండు చూస్తారు. ఈ మనిషి ఇంతకుముందు తీసుకున్నది టైముకి కట్టాడా? ఇప్పుడు కట్టడానికి చేతిలో పని ఉందా? పాత పేజీల్లో ఉండేది చరిత్ర. జేబులో ఉండేది స్తోమత.

మన దేశంలో ఆ పుస్తకాలు రాసే సంస్థలు నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. 2005లో వచ్చిన చట్టం ప్రకారం రిజర్వ్ బ్యాంకు లైసెన్సుతో నడుస్తాయి. మనం మాటవరసకి నాలుగింటినీ కలిపి "సిబిల్" అనేస్తాం, జిరాక్స్ అన్నట్టు. స్కోరు 300 నుంచి 900 మధ్య ఉంటుంది. ఇంతవరకు ఏ అప్పూ తీసుకోనివాళ్లకి సిబిల్ నివేదికలో అంకె బదులు "ఎన్‌హెచ్" అనో, మైనస్ 1 అనో కనిపిస్తుంది. అది చెడ్డ స్కోరు కాదు, ఖాళీ పేజీ. మావాడు మైనస్ చూసి సగం రోజు టెన్షన్ పడ్డాడు.

ఇక జేబు సంగతి. రిజర్వ్ బ్యాంకు పాత సర్క్యులర్లలో విద్యార్థుల ప్రస్తావన పేరు పెట్టి మరీ ఉండేది. విద్యార్థులకు, స్వతంత్ర ఆర్థిక వనరులు లేని ఇతరులకు కార్డు ఇచ్చేటప్పుడు ప్రత్యేకంగా రిస్కు అంచనా వేసుకోవాలని బ్యాంకులకు చెప్పేది. 2022 ఏప్రిల్‌లో వచ్చిన మాస్టర్ డైరెక్షన్‌లో (నిబంధనలన్నీ ఒకచోట చేర్చిన ఆదేశంలో) మాట కొంచెం మారింది. దరఖాస్తుదారు స్వతంత్ర ఆర్థిక వనరులను చూసి అంచనా వేయాలని అంది. రెండింటిలోనూ బరువున్న మాట "స్వతంత్ర". నాన్నకి లక్ష జీతం ఉండొచ్చు, అది నాన్న జేబు. ఫారంలో మన ఆదాయం గడిలో రాయడానికి కుదరదు.

వయసు గడప రెండో మెట్టు. 18 నిండితే ఒప్పందం మీద సంతకం చేసే హక్కు చట్టం ఇస్తుంది. కానీ మామూలు కార్డుకి 21 ఉండాలని చాలా బ్యాంకులు సొంతంగా పెట్టుకున్నాయి.

"ఆదాయం లేదు" అనే మాటలోనే ఎన్నో రకాలు

పాకెట్ మనీ ఆదాయం కాదు, సరే. మరి నెలనెలా ఖాతాలో పడే స్టైపెండు? నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) తెచ్చుకుని పీహెచ్‌డీ చేసేవాళ్లకి 2023 నుంచి నెలకి 37,000 రూపాయలు వస్తున్నాయి. గాంధీలోనో, కేజీహెచ్‌లోనో పీజీ చేసే జూనియర్ డాక్టరుకి స్టైపెండు వస్తుంది. వీళ్లూ విద్యార్థులే. వీళ్ల చేతిలో ఉన్నది సొంత డబ్బే. కొన్ని బ్యాంకులు దీన్ని ఆదాయంగా ఒప్పుకుంటాయి, కొన్ని శాలరీ స్లిప్పు కావాలంటాయి. ఏ ఖాతాలో స్టైపెండు పడుతోందో ఆ బ్యాంకే ముందుగా కార్డు ఆఫర్ పంపడం కూడా మామూలే. ఎందుకంటే స్లిప్పు అక్కర్లేకుండానే వాళ్లకి లెక్క కళ్లెదురుగా ఉంటుంది.

ఆరు నెలల ఇంటర్న్‌షిప్, ట్యూషన్లు, సాయంత్రం డెలివరీలు మధ్యలో ఉండే రకాలు. నిజంగా సంపాదించి, ఆదాయపు పన్ను రిటర్ను దాఖలు చేసి, దాన్ని చూపించడంలో తప్పేమీ లేదు. లేని ట్యూషన్ పిల్లల్ని పుట్టించి, కార్డు కోసం రిటర్ను వేయమని సలహా ఇచ్చేవాళ్లు మాత్రం ఎక్కువయ్యారు. మాల్‌లో కుర్రాడి సలహా కూడా ఈ కోవలోదే. అతనికి కార్డుకి ఇంత అని కమిషన్ వస్తుంది, అంతటితో అతని పని అయిపోతుంది. ఫారం కింద సంతకం మాత్రం మావాడిది. బ్యాంకుకు తెలిసి అబద్ధం రాసి ఇచ్చినట్టు కాగితం మీద ఉండేది వాడి పేరు. పైగా రాసిన వృత్తి వివరాలు క్రెడిట్ నివేదికలోకీ వెళ్తాయి. రేపు చదువు లోను ఫారంలో "విద్యార్థి" అని, అక్కడ "వ్యాపారం" అని ఉంటే జవాబు చెప్పుకోవాల్సింది వాడే.

అబద్ధం లేకుండా, ఆదాయం లేకుండా కార్డు వచ్చే దారులు ప్రధానంగా రెండే. ఒకటి ఇంకొకరి ఖాతాలో రాయించుకోవడం, రెండోది తాకట్టు పెట్టడం.

నాన్న ఖాతాలో రాయించుకోవడం: యాడ్-ఆన్ కార్డు

"శెట్టిగారూ, నాన్న పేరు మీద రాసుకోండి" అని పంచదార పట్టుకొచ్చిన పిల్లలందరూ యాడ్-ఆన్ కార్డు వాడినవాళ్లే. నాన్నకి ఉన్న క్రెడిట్ కార్డు మీదే ఇంకో కార్డు, పిల్లవాడి పేరుతో వస్తుంది. లిమిట్ నాన్నదే. బిల్లూ నాన్నదే. బాకీ బాధ్యత పూర్తిగా ప్రధాన కార్డుదారుడిదే అన్న స్పష్టమైన అవగాహనతోనే ఇలాంటి కార్డు ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన. చాలా బ్యాంకులు 18 నిండినవాళ్లకి ఇస్తాయి, కొన్ని అంతకన్నా చిన్నవాళ్లకీ ఇస్తాయి. యాడ్-ఆన్ మీద వేరే పరిమితి పెట్టే వీలు చాలా యాప్‌లలో ఉంది. నాన్న లిమిట్ లక్షన్నర అయినా, హాస్టల్‌లో ఉన్న అమ్మాయి కార్డుకి ఐదు వేలు అని కట్టడి చేయొచ్చు.

అసలు గందరగోళం స్కోరు దగ్గర. "యాడ్-ఆన్ తీసుకో, స్కోరు పెరుగుతుంది" అని యూట్యూబ్‌లో తెలుగులోనే వీడియోలు కనిపిస్తాయి. ఆ సలహా మూలం అమెరికా. అక్కడ దీన్ని ఆథరైజ్డ్ యూజర్ అంటారు. ఒకరి కార్డులో ఇంకొకరి పేరు చేరిస్తే, ఆ ఖాతా చరిత్ర ఆ రెండో మనిషి నివేదికలో కూడా సాధారణంగా నమోదవుతుంది. డల్లాస్‌లో ఉన్న బాబాయి తన పాత కార్డులో పేరు చేరిస్తే, అప్పుడే దిగిన కుర్రాడికి ఒక చరిత్ర మొదలైపోతుంది. ఇక్కడ సాధారణంగా అలా జరగదు. మన దగ్గర ఖాతా ప్రధాన కార్డుదారుడిది, నమోదయ్యేదీ సాధారణంగా ఆయన పేరు మీదే. కొడుకు కాలేజీ ఫెస్ట్‌లో గీకేసిన బిల్లు కట్టకపోతే దెబ్బ పడేది నాన్న స్కోరు మీద. బుద్ధిగా కట్టినా మెరుగయ్యేది ఆయనదే. కాబట్టి యాడ్-ఆన్ ఖర్చు సౌకర్యానికి పనికొస్తుంది. సొంత చరిత్ర కోసమైతే అది దారి కాదు.

అమెరికా ప్రస్తావన వచ్చింది కాబట్టి, ఎంఎస్‌కి వెళ్లేవాళ్ల సంగతి కూడా ఇక్కడే. హైదరాబాద్‌లో కూడబెట్టుకున్న సిబిల్ స్కోరు విమానం ఎక్కదు. అక్కడి బ్యూరోల (క్రెడిట్ నివేదికలు రాసే సంస్థల) పుస్తకంలో మళ్లీ ఖాళీ పేజీయే. 21 ఏళ్లలోపు వాళ్లకి సొంతంగా కట్టే స్తోమత గానీ, బాధ్యత పంచుకునే మరో సంతకం గానీ ఉంటేనే కార్డు ఇవ్వాలని 2009లో అక్కడ చట్టం వచ్చింది. అంతకుముందు క్యాంపస్‌లలో టేబుళ్లు వేసి టీషర్టులు, పిజ్జాలు ఇచ్చి కార్డులు అంటగట్టేవాళ్లు. అదే చట్టం ఆ బహుమతులకీ అడ్డుకట్ట వేసింది. మన ఎంఎస్ విద్యార్థులు ఎక్కువమంది 21 దాటినవాళ్లే కాబట్టి ఆ నిబంధన తగలదు. వాళ్లకి తగిలేది సోషల్ సెక్యూరిటీ నంబరు, అంటే కార్డు దరఖాస్తులో సాధారణంగా అడిగే అక్కడి గుర్తింపు సంఖ్య. ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద వెళ్లినవాళ్లకి అది క్యాంపస్ ఉద్యోగం లాంటిది దొరికితేనే వస్తుంది. లైబ్రరీలోనో, డైనింగ్ హాల్‌లోనో చిన్న పని కోసం మొదటి సెమిస్టర్‌లో అంత పోటీ ఉండటానికి గంటకి వచ్చే డాలర్లతో పాటు ఇదీ ఒక కారణం. నంబరు లేకుండా పాస్‌పోర్టు మీద దరఖాస్తు తీసుకునే సంస్థలు కొన్ని ఉన్నాయి. డిపాజిట్ కట్టి తీసుకునే సెక్యూర్డ్ కార్డు కూడా ఉంది. దాని సూత్రం మన రెండో దారి లాంటిదే.

తాకట్టు దారి: ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద కార్డు

బంగారం పెట్టి అప్పు తెచ్చుకున్నంత తేలికైన లెక్క ఇది. బ్యాంకులో మీ పేరున ఎఫ్‌డీ వేస్తారు. బ్యాంకు దాని మీద లీన్ పెట్టుకుంటుంది, అంటే మీరు కదపకుండా తాళం వేస్తుంది. డిపాజిట్‌లో 75 నుంచి 100 శాతం వరకు, బ్యాంకును బట్టి, లిమిట్‌గా ఇస్తుంది. శాలరీ స్లిప్పు అడగదు, పాత స్కోరు అడగదు. ఐడీఎఫ్‌సీ ఫస్ట్ బ్యాంకు వావ్ కార్డు, ఎస్‌బీఐ కార్డ్ ఉన్నతి ఇలాంటివే. చాలా బ్యాంకుల్లో ఏదో ఒక పేరుతో ఈ రకం ఉంటుంది.

ఒక లెక్క వేద్దాం. 25,000 రూపాయల ఎఫ్‌డీ, వడ్డీ ఏడాదికి ఆరున్నర శాతం అనుకుందాం, లిమిట్ 90 శాతం. చేతికి 22,500 లిమిట్ ఉన్న కార్డు వస్తుంది. డిపాజిట్ మీద ఏడాదికి సుమారు 1,625 రూపాయలు వడ్డీ వస్తూనే ఉంటుంది. కార్డుకి వార్షిక రుసుము లేకపోతే ఖర్చు దాదాపు సున్నా. ఎఫ్‌డీ సాధారణంగా కార్డు తీసుకునేవాళ్ల పేరునే ఉండాలి. అందుకని ఇళ్లలో జరిగేదేమిటంటే, నాన్న పాతిక వేలు అబ్బాయి ఖాతాలోకి పంపిస్తాడు, వాడు ఎఫ్‌డీ వేసుకుంటాడు. పూచీ మళ్లీ నాన్నదే, రూపం మారింది. కానీ ఇక్కడ ఖాతా అబ్బాయిది. ప్రతి బిల్లూ వాడి పేరునే నమోదవుతుంది. యాడ్-ఆన్‌కీ దీనికీ అసలు తేడా ఇదే.

బ్యాంకు బ్రోచర్‌లో సులువుగా కనపడని చిక్కులు కొన్ని ఉన్నాయి.

తాళం పడిన డబ్బు అవసరానికి చేతికి రాదు. సెమిస్టర్ ఫీజు గడువు రేపే, ఖాతాలో పాతిక వేలు తగ్గాయి, ఎఫ్‌డీ తీద్దామని యాప్ తెరిస్తే "క్లోజ్" బటన్ నొక్కనివ్వదు. ముందు కార్డు బాకీ తీర్చి, కార్డు మూసేయమని అడిగి, అది మూతపడ్డాక లీన్ తీయించుకోవాలి. బాకీ లేకుండా మూసేయమని అడిగితే ఏడు పనిదినాల్లో మూసేయాలని, ఆలస్యమైతే రోజుకి 500 రూపాయలు కార్డుదారుడికి చెల్లించాలని నిబంధన ఉంది. మంచి నిబంధనే. కానీ మీకు ఫీజు గడువు రేపు.

రెండో చిక్కు ఇంకా ముఖ్యం. "కట్టకపోతే ఎఫ్‌డీలోంచి తీసుకుంటారు కదా, గొడవే లేదు" అనుకుంటారు. డిపాజిట్‌లోంచి తీసుకునేది చివరి మెట్టులో. ఆలోపు గడువు దాటిన రోజులన్నీ నివేదికలో పడుతూనే ఉంటాయి. డబ్బు పోతుంది, పేరూ పోతుంది. మంచి చరిత్ర రాయించుకోవాలని తెరిచిన పుస్తకంలో మొదటి పేజీలోనే ఎర్రసిరా పడుతుంది.

మూడోది లిమిట్ వాడకం. లిమిట్‌లో ఎంత శాతం బాకీ ఉందన్నది స్కోరులో ఒక అంశం. 30 శాతం లోపు ఉంటే మంచిదని అందరూ చెప్పే మాట. అది చట్టం కాదు, వాడుకలో స్థిరపడిన కొండగుర్తు. 22,500లో 30 శాతం అంటే 6,750. మామూలు నెలలో హాస్టల్ విద్యార్థికి అది సరిపోతుంది. పరీక్ష ఫీజు 18,000 దీనిమీదే కడితే ఒక్కసారిగా 80 శాతానికి వెళ్తుంది. 2025 జనవరి నుంచి బ్యాంకులు కనీసం పదిహేను రోజులకోసారి బ్యూరోలకి సమాచారం పంపాలి. అందువల్ల బిల్లు వచ్చేదాకా ఆగకుండా ముందే కట్టేస్తే, ఆ ఎత్తు నివేదికలో ఎక్కువకాలం నిలవదు.

కార్డులా కనిపించే ఇతర సరుకు

"విద్యార్థుల కార్డు" అని వెతికితే వచ్చే జాబితాల్లో సగం క్రెడిట్ కార్డులే కావు. హెచ్‌డీఎఫ్‌సీ వాళ్ల ఐఎస్ఐసీ స్టూడెంట్ ఫారెక్స్‌ప్లస్ కార్డు దాదాపు ప్రతి జాబితాలో ఉంటుంది. అది ప్రీపెయిడ్ కార్డు. ముందు డాలర్లు నింపుకుని తర్వాత ఖర్చు పెట్టుకుంటారు. విదేశాల్లో చదివేవాళ్లకి పనికొస్తుంది, కానీ అందులో అప్పే లేదు కాబట్టి చరిత్ర కూడా రాదు. కాలేజీ గుర్తింపు కార్డుతో కలిపి బ్యాంకులు ఇచ్చే డెబిట్ కార్డుదీ అదే సంగతి.

ప్రీపెయిడ్ కార్డుకి వెనకనుంచి అప్పు తగిలించి విద్యార్థులకు ఇచ్చిన కాలమూ ఒకటి నడిచింది. స్లైస్ లాంటి స్టార్టప్‌లు కాలేజీ కుర్రాళ్లలో బాగా పాకాయి. ప్రీపెయిడ్ సాధనాల్లో అప్పు డబ్బు నింపకూడదని 2022 జూన్‌లో బ్యాంకేతర సంస్థలకు రిజర్వ్ బ్యాంకు చెప్పడంతో ఆ పద్ధతి ఆగిపోయింది. అప్పట్లో రాసిన సలహాలు ఇంకా నెట్‌లో అలాగే ఉన్నాయి. చదివేముందు తేదీ చూసుకోవాలి.

"ఇప్పుడు కొను, తర్వాత కట్టు" రకం యాప్‌లు మూడో సరుకు. పేరులో అప్పు అన్న మాట ఉండదు, కానీ చాలావరకు వెనక ఒక ఎన్‌బీఎఫ్‌సీనో (అప్పులిచ్చే బ్యాంకేతర సంస్థ) బ్యాంకో రుణం ఇస్తుంది. అది నివేదికలోకి వెళ్లొచ్చు. 340 రూపాయల బిర్యానీ బాకీ మర్చిపోయి, రెండేళ్ల తర్వాత లోనుకి వెళ్తే అదే అడ్డం తగిలిన మనిషి నాకు తెలుసు. ఇక అర్ధరాత్రి ఐదు వేలు ఇస్తామనే లోన్ యాప్‌ల గురించి తెలుగువాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. 2020 చివర్లో ఆ వేధింపుల వల్ల ఆత్మహత్యలు జరిగి, హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు వరుసగా కేసులు పెట్టి అరెస్టులు చేశారు. ఆ తర్వాతే డిజిటల్ రుణాల మీద రిజర్వ్ బ్యాంకు నిబంధనలు బిగించింది.

బిల్లు తేదీ, గడువు తేదీ, మధ్యలో మీటరు

కార్డు ఏ దారిలో వచ్చినా వడ్డీ లెక్క ఒకటే. "50 రోజులు వడ్డీ లేదు" అన్న మాట చాలామందికి పూర్తిగా అర్థం కాదు.

ఒక కార్డుకి ప్రతి నెలా 18న బిల్లు తయారవుతుంది, గడువు తర్వాతి నెల 7 అనుకుందాం. జూన్ 19న కొన్నది జులై 18 బిల్లులోకి వెళ్తుంది, ఆగస్టు 7లోగా కట్టొచ్చు. అంటే 49 రోజులు. అదే వస్తువు జులై 17న కొంటే, అదే బిల్లు, అదే గడువు. వచ్చేది 21 రోజులే. "50 రోజుల దాకా" అనే మాటలో బరువంతా ఆ "దాకా" మీద ఉంది.

ఇప్పుడు కట్టకపోతే ఏమవుతుందో చూద్దాం. జూన్ 25న 8,000 రూపాయలతో ఇయర్‌బడ్స్, బూట్లు కొన్నాడు. వేరే ఖర్చేమీ లేదు. జులై 18న బిల్లు 8,000 వచ్చింది. దాని పక్కనే, ప్రశాంతంగా, "కనీస మొత్తం 400" అని ఉంది. ఆగస్టు 7న 400 కట్టాడు. ఆలస్య రుసుము పడదు, నివేదికలో మచ్చ పడదు. కానీ పూర్తిగా కట్టలేదు కాబట్టి వడ్డీ లేని గడువు పోయింది. వడ్డీ కొన్న రోజు నుంచీ లెక్కవుతుంది. నెలకి మూడున్నర శాతం, అంటే ఏడాదికి 42 శాతం అనుకుంటే:

జూన్ 25 నుంచి ఆగస్టు 7 దాకా 43 రోజులు, 8,000 మీద: సుమారు 396 రూపాయలు.
ఆగస్టు 7 నుంచి 18 దాకా 11 రోజులు, 7,600 మీద: సుమారు 96 రూపాయలు.
మొత్తం వడ్డీ 492. దానిమీద 18 శాతం జీఎస్టీ 89 రూపాయలు.

ఆగస్టు 18 బిల్లు: 7,600కి 581 కలిపి 8,181 రూపాయలు. జేబులోంచి 400 కట్టాక బాకీ 181 పెరిగింది. పైగా ఈ బాకీ తీరేదాకా కొత్తగా కొనే ప్రతి వస్తువుకీ మొదటి రోజు నుంచే మీటరు తిరుగుతుంది. ఇలా కనీస మొత్తం కడుతూ పోతే బాకీ అంతకంతకూ పెరగకుండా చూడాలని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. అందుకని తర్వాతి బిల్లులో కనీస మొత్తంలో ఆ వడ్డీ, పన్నూ పూర్తిగా కలుస్తాయి, 400 కాస్తా వెయ్యికి దగ్గరవుతుంది. బాకీ పెరగడం ఆగుతుంది గానీ, తరగడం చీమ నడక.

ఇంత వడ్డీ మీద పైకప్పు లేదా అంటే, ఒకప్పుడు వేయబోయారు. 30 శాతం మించి వసూలు చేయడం అనుచిత వ్యాపార పద్ధతి అని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో తీర్పిచ్చింది. దాన్ని 2024 డిసెంబర్ 20న సుప్రీంకోర్టు కొట్టేసింది. వడ్డీ రేట్ల విషయం రిజర్వ్ బ్యాంకు పరిధిలోదని చెప్పింది. కార్డుతో ఏటీఎంలో నగదు తీస్తే సాధారణంగా రుసుముతో పాటు ఆ రోజు నుంచే వడ్డీ పడుతుంది. దాని గురించి అంతకంటే చెప్పడానికి లేదు.

ఇంత తొందర అవసరమా

మా బావగారి వాదన ఇది: సంపాదన రాకముందే అప్పు చేయడం నేర్పడమేమిటి? ఉద్యోగం వస్తే శాలరీ అకౌంట్ ఇచ్చిన బ్యాంకే వెంటపడి కార్డు ఇస్తుంది. ఈ రెండేళ్లకి ఏం మునిగిపోయింది? తీసిపారేసే వాదన కాదిది. 2022 నుంచి రూపే క్రెడిట్ కార్డుని యూపీఐకి కలిపే వీలు వచ్చాక, టీ బండి దగ్గర క్యూఆర్ కోడ్‌కి కొట్టే 15 రూపాయలు కూడా అప్పు కావచ్చు. ఫోన్లో ఖాతా డబ్బూ, కార్డు డబ్బూ ఒకేలా "టింగ్" అంటాయి. ఖాతా ఖాళీ అయితే ఖర్చు ఆగుతుంది. కార్డుకి ఆ బ్రేకు లిమిట్ దాకా పడదు.

మావాడి వాదన కూడా వినాలి. 23 ఏళ్లకి ఉద్యోగంలో చేరేసరికి రెండేళ్ల శుభ్రమైన చరిత్ర ఉంటే, మొదటి బైక్ లోనుకో, పెద్ద లిమిట్ కార్డుకో ఖాళీ పేజీతో వెళ్లే పని ఉండదు. 20,000 లిమిట్‌తో తప్పు చేసి నేర్చుకోవడం, రెండు లక్షల లిమిట్‌తో నేర్చుకోవడం కంటే చవక. ఇదీ నిజమే.

వీళ్లిద్దరూ మర్చిపోయింది ఒకటుంది. చదువు లోను. మన రెండు రాష్ట్రాల్లో చదువు లోను ఉన్న విద్యార్థికి చరిత్ర అప్పటికే మొదలైనట్టే. ఆ లోను విద్యార్థి పేరున, సహ రుణగ్రహీతగా తల్లో తండ్రో ఉండగా, నివేదికలో నమోదై ఉంటుంది. చదువు అయ్యేదాకా కిస్తీలు లేకపోయినా ఖాతా అక్కడ ఉంటుంది. అలాంటివాళ్లకి "స్కోరు కోసం కార్డు" అన్న కారణం చాలావరకు బలహీనం. చదువు అయ్యాక ఆ కిస్తీలు టైముకి కట్టడమే కార్డు కన్నా బరువైన చరిత్ర. లోను లేనివాళ్లకి మాత్రం ఎఫ్‌డీ కార్డు వాదనలో పస ఉంది.

కార్డు రాక, మళ్లీ మళ్లీ దరఖాస్తు చేయడం మాత్రం ఎవరికీ లాభం లేని పని. ప్రతి దరఖాస్తుకీ బ్యాంకు మీ నివేదిక అడిగినట్టు అందులో నమోదవుతుంది. నెలలో నాలుగైదు అలా కనపడితే, తర్వాత చూసే బ్యాంకుకి ఈ మనిషి డబ్బుకి కటకటలాడుతున్నాడేమో అనిపిస్తుంది. మీ నివేదిక మీరు చూసుకుంటే ఏమీ తగ్గదు. నాలుగు సంస్థలూ ఏడాదికోసారి పూర్తి నివేదిక ఉచితంగా ఇవ్వాలి.

మావాడి కథ ఎక్కడికొచ్చిందంటే, వాడికి చదువు లోను లేదు. వేసవి ఇంటర్న్‌షిప్‌లో మిగిలిన 12,000, వాళ్లమ్మ ఇచ్చిన 8,000 కలిపి ఎఫ్‌డీ వేశాడు. లిమిట్ 18,000 వచ్చింది. మొబైల్ రీఛార్జి, మెట్రో కార్డు, క్లౌడ్ సబ్‌స్క్రిప్షన్ మూడే దానికి తగిలించాడు. పూర్తి బిల్లు ఖాతాలోంచి దానంతటదే కట్ అయ్యేలా ఆటోపే పెట్టించాను. పెట్టేటప్పుడు యాప్ రెండు ఆప్షన్లు చూపించింది: "మొత్తం బాకీ", "కనీస బాకీ". ముందే టిక్ పెట్టి ఉన్నది రెండోదానికి. వాడు చూడకుండా "నెక్స్ట్" నొక్కబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాల్సి వచ్చింది.